గుప్తదానం గుట్టు

దానం గుప్తంగా చేస్తేనే పుణ్యమని మన పార్టీల నమ్మకం. పార్టీకి ఇచ్చినవారి పేరు బయటపడనివ్వని ఎన్నికల బాండ్లు ఆ పుణ్యానికి చట్టం ముసుగేశాయి. ‘దాత పేరు చెప్పండి బాబూ’ అంటూ ఏడీఆర్ అనే చిన్న సంస్థ కోర్టుకెక్కింది. దాన్ని 1999లో పెట్టింది అహ్మదాబాద్ ఐఐఎం పంతుళ్లు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లను కొట్టేసింది. ఎవరెంత ఇచ్చారో లెక్క చెప్పమంటే, బాండ్లు అమ్మిన స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా గడువడిగింది. అప్పటికి ఓట్ల పండగ ముగిసి, విస్తళ్లు కూడా ఎత్తేస్తారు మరి! మన కిస్తీ ఒక్కరోజు దాటితే మాత్రం బ్యాంకుల కంప్యూటర్లు భలే చురుకు. మార్చి 11న కోర్టు ‘రేపటికల్లా ఇవ్వాల్సిందే’ అంది. మర్నాడే ఇచ్చేశారు! ఆ దాతల జాబితాలో గనుల కంపెనీలూ ఉన్నాయి, హైదరాబాద్ కాంట్రాక్టు సంస్థలూ ఉన్నాయి. ఓటరు మహాశయా, మీ ఊరి కొండ కరిగిపోకముందే ఆ జాబితా ఓసారి చదువుకోండి.