గంట విమానం, పూట ప్రయాణం

శంషాబాద్ విమానాశ్రయం నుంచి గన్నవరం విమానాశ్రయానికి ఆకాశమార్గాన దూరం సుమారు 265 కిలోమీటర్లు. భూగోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి గీత కొలిస్తే వచ్చే అంకె ఇది. ఆ గీత మీద అచ్చంగా నడిచే విమానం లేదు. విమానం గాలికి ఎదురుగా లేవాలి. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. నైరుతి రుతుపవనాల రోజుల్లో గాలి పడమటి నుంచి వీస్తుంది. కాబట్టి తూర్పున ఉన్న బెజవాడకు బయలుదేరిన విమానం ముందు బొంబాయి వైపు పరుగెత్తి, పైకి లేచాక మనసు మార్చుకుంటుంది.

ఇలాంటి దగ్గరి దారుల్లో తిరిగే ఏటీఆర్ 72 వేగం గంటకు దాదాపు 500 కిలోమీటర్లు. భాగహారం వచ్చిన పిల్లవాడెవడైనా అరగంట చాలంటాడు. టికెట్ మీద మాత్రం గంటకు అటూ ఇటూగా ఉంటుంది. ఎందుకంటే బయలుదేరేచోట చక్రాల కింద అడ్డు తీసినప్పటి నుంచి, దిగినచోట మళ్లీ పెట్టేదాకా లెక్క. రన్‌వే దాకా పాకడం, ముందున్న విమానాల వెనక వరుస, దిగబోయే చోట చక్కర్లు అన్నీ అందులోవే. వాటిపైన విమాన సంస్థ కాస్త కొసరు కూడా వేస్తుంది. ఆలస్యంగా కదిలిన విమానం సైతం ‘పది నిమిషాలు ముందే చేర్చాం’ అని మైకులో చెప్పుకోగలగడం ఆ కొసరు మహిమే. ఇది చాలదన్నట్టు, 15 నిమిషాల లోపు జాప్యం పౌర విమానయాన శాఖ లెక్కల్లో జాప్యమే కాదు. ప్రయాణికుడికి ఆ దయ వర్తించదు. చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు.

స్కాట్లండ్ ఉత్తరాన వెస్ట్రే దీవి నుంచి పాపా వెస్ట్రే దీవికి విమానదూరం 2.7 కిలోమీటర్లు. టైంటేబుల్లో రెండు నిమిషాలు. గాలి కలిసొచ్చి 53 సెకన్లలో చేరిన రికార్డూ ఉంది. అక్కడా మన పద్ధతిలో రెండు గంటల ముందు రమ్మంటే, ఈత వచ్చినవాడు అవతలి గట్టున బట్టలు ఆరేసుకుంటూ ఉంటాడు.

అసలు ప్రయాణకాలం గుమ్మం దగ్గర మొదలవుతుంది. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కు గంట పైమాటే. అక్కడ ముందుజాగ్రత్త కింద రెండు గంటలు. తర్వాత టికెట్ మీది గంట. ఆపైన సూట్‌కేసు కోసం బెల్టు వైపు చూపులు, గన్నవరం నుంచి ఊళ్లోకి 20 కిలోమీటర్లు. మొత్తం కూడితే ఐదు గంటలు దాటుతుంది. జాతీయ రహదారి 65 మీద హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు. బస్సుకూ అయ్యేది ఇంచుమించు అంతే, దారిలో టీతో సహా. సంక్రాంతి ముందు, పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరిన రోజుల్లో మాత్రం విమానమే గెలుస్తుంది. ఆ సంగతి టికెట్ ధర పెట్టేవాళ్లకు ముందే తెలుసు.