హుమ్టా వారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ హైదరాబాద్ ఏకీకృత మహానగర రవాణా సంస్థ, అనగా హుమ్టా వారికి మేడ్చల్, శామీర్‌పేట ప్రయాణికులు నమస్కరించి విన్నవించుకునేది ఏమనగా:

తమరు 2008లో, హెచ్‌ఎండీఏ పుట్టిన ఏడాదే పుట్టారు. బస్సును, ఎంఎంటీఎస్‌ను, ఆ తర్వాత వచ్చిన మెట్రోను ఒక్క తాటి మీద నడిపించడం తమ పని. కొంపల్లి నుంచి తుర్కపల్లి దాకా వెతికినా తమ పేరు విన్నవాళ్లు అరుదు. అందుకే ఇంతకాలం తమ మీద ఎవరికీ కోపం కూడా రాలేదు. ఈ లేఖ ఆ లోటు తీర్చడానికే.

ఈ శివార్లలో కారు కొన్నవాణ్ని చూసి హోదా కోసం కొన్నాడంటారు. కొందరి సంగతి అంతే, కాదనలేం. కానీ చాలామంది కొంటున్నది సమయానికి రాని బస్సుకు భయపడి. ఆ భయం ఖరీదెంతో తమరే లెక్క చూడండి. తొమ్మిది లక్షల కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే లక్షా 26 వేలు. ఇంట్లో అది రెండో కారైతే మరో 2 శాతం. మేడ్చల్ నుంచి సికింద్రాబాద్‌కు రానూపోనూ 55 కిలోమీటర్లు అనుకుంటే, లీటరుకు 15 ఇచ్చే బండికి, 107 రూపాయలు దాటిన పెట్రోలుతో రోజుకు దాదాపు 400. ఇరవై అయిదు పనిదినాలకు పదివేలు. ఈఎంఐ, సర్వీసింగ్, పార్కింగ్ వేరే. సుచిత్ర చౌరస్తా దగ్గర మొదటి గేరులో కాలిపోయే పెట్రోలు అంతకంటే వేరే.

అదే ఇంటి ఇల్లాలికి 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. చేతిలో జీరో టికెట్ ఉంటుంది, కాలు మోపే చోటే ఉండదు. పొద్దున తొమ్మిదికి అల్వాల్‌లో బస్సు ఆగితే కండక్టరమ్మ టికెట్ మిషన్‌ను జనం తలల పైకెత్తి పట్టుకుని, "లోపలికి జరగండమ్మా, మధ్యలో ఖాళీగానే ఉంది" అంటుంది. మధ్యలో ఖాళీ ఉందని అప్పటిదాకా అక్కడ నిలబడ్డవాళ్లకే తెలియదు. ఆయన పదివేలు పోసి ట్రాఫిక్‌లో కూర్చుంటాడు, ఆవిడ పైసా లేకుండా అదే ట్రాఫిక్‌లో నిలబడుతుంది. ఆఫీసులకు చేరేది ఇద్దరూ ఆలస్యంగానే.

రైలు లేదా అంటే, ఉంది. 2023 ఏప్రిల్ 8న ప్రధాని జెండా ఊపి సికింద్రాబాద్–మేడ్చల్ ఎంఎంటీఎస్‌ను ప్రారంభించారు. 28 కిలోమీటర్ల దారి. అమ్ముగూడ, బొల్లారం, గుండ్లపోచంపల్లి, గౌడవల్లి మీదుగా ఒక్క ట్రాఫిక్ సిగ్నలూ అడ్డుపడని దారి. టికెట్ అయిదు రూపాయల నుంచి మొదలవుతుంది. చిక్కల్లా ఏమిటంటే ఒక బండి తప్పిపోతే తర్వాతి బండి కోసం ఎదురుచూసే ఓపిక ఉద్యోగస్తుడికి ఉండదు. దిగాక ఇంటికి చేరడానికి ఆటోవాలా అడిగిందే రేటు. పట్టాలు పరిచారు, విద్యుత్ తీగలు లాగారు, కోట్లు ఖర్చుపెట్టారు. రైలుకు ఎదురొచ్చే బస్సు ఒక్కటి వేస్తే సరిపోయేది. ఆ పని చేయాల్సింది ఎవరో తమకు గుర్తుచేయడం మర్యాద కాదు.

శామీర్‌పేటకు ఆ రైలు భాగ్యమూ లేదు. బిట్స్, నల్సార్, జీనోమ్ వ్యాలీ అన్నీ అటే ఉన్నా రాజీవ్ రహదారే దిక్కు. కంటోన్మెంట్‌లో రోడ్డు వెడల్పు చేయాలంటే సైన్యం భూములు అడ్డం. అవి వస్తాయని తేలాక 2024 మార్చి 7న ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట దాకా 18 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన జరిగింది. 2025 జనవరి 1న మెట్రో కబురు కూడా వచ్చింది. తర్వాత తయారైన ప్రతిపాదనలో జేబీఎస్ నుంచి మేడ్చల్‌కు 24.5 కిలోమీటర్లు, శామీర్‌పేటకు 22. ఫ్యూచర్ సిటీ లైనుతో కలిపి 19,579 కోట్ల అంచనాతో అది అదే ఏడాది జూన్‌లో కేంద్రానికి వెళ్లింది. సంతోషమే. కాకపోతే మెట్రో మొదటి దశకు 2010 సెప్టెంబర్‌లో ఒప్పందం కుదిరితే మొదటి రైలు 2017 నవంబర్‌లో కదిలింది, 69 కిలోమీటర్లు పూర్తయ్యేసరికి 2020 ఫిబ్రవరి. ఆ లెక్కన ఇవాళ కొన్న కారు లోను తీరిపోయి, దాన్ని అమ్మి, ఇంకో కారు లోను మొదలుపెట్టాక గానీ మెట్రో ఎక్కడం కుదరదు.

పటం ముందు పెట్టుకుని ఇంకో విడ్డూరం చూడండి. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య ఇంచుమించు పదిహేను కిలోమీటర్లు. జీనోమ్ వ్యాలీలో పనిచేసే మేడ్చల్ కుర్రాడు మెట్రోనే నమ్ముకుంటే జేబీఎస్ దాకా పోయి, లైను మారి, మళ్లీ పైకి శామీర్‌పేటకు రావాలి. అక్కడికే మొత్తం 46.5 కిలోమీటర్లు. అతగాడు బైకు అమ్ముతాడని తమరు ఆశిస్తున్నారా?

కాబట్టి ప్రార్థన ఇది. మెట్రో పిల్లర్లు లేచేదాకా ఆగకుండా, ఉదయం ఏడు నుంచి పది, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది మధ్య మేడ్చల్ రైళ్లు పెంచమని దక్షిణ మధ్య రైల్వేను ఒప్పించండి. ప్రతి రైలుకూ స్టేషన్ బయట ఒక ఆర్టీసీ బస్సు నిలబెట్టండి. మేడ్చల్, శామీర్‌పేట, తుర్కపల్లిల మధ్య పొద్దునా సాయంత్రం ఆగకుండా తిరిగే బస్సులు వేయించండి. మూడింటికీ భూసేకరణ అక్కర్లేదు. రైల్వే వారినీ ఆర్టీసీ వారినీ ఒక్క పూట ఒకే గదిలో కూర్చోబెడితే చాలు, ఆ గదికి అధ్యక్షత వహించే అధికారం తమదే.

ఇట్లు,
మేడ్చల్, శామీర్‌పేట ప్రయాణికులు