ప్రాయశ్చిత్తము

కొన్న మూడవనాడే ఫోనును రూట్ చేసి దానిపై సర్వాధికారము చేపట్టిన వీరుడొకడు, స్పీకరు మూగవోగానే, కంపెనీ గీచిన గీత ఎన్నడును దాటని బుద్ధిమంతునివలె వారంటీ కాగితము వెదకికొనెను.

అర్ధరాత్రము వరకు మేల్కొని, గిగాబైట్ల కొలది కంపెనీ సాఫ్టువేరు దింపుకొని, కేబులు కదలునేమోయని ఊపిరి బిగబట్టి, ఓడిన్ అను పనిముట్టు చేత దానిని ఎక్కించి, బూట్‌లోడరునకు మరల తాళము వేసి, పెండ్లి ఫోటోలతో సహా పాపములన్నియు కడిగివైచి, గంగాస్నానము చేసినవానివలె నిదురించెను.

తెల్లవారి సర్వీసు సెంటరు కౌంటరులోని కుర్రవాడు మారుమాటాడక మీటలు నొక్కిపట్టి, డౌన్‌లోడు తెరపై సన్నని అక్షరములలోనున్న చిత్రగుప్తుని పద్దు చూపెను. నాక్స్ అను పేర శాంసంగ్ వారు 2013 నుండి ఫోనులలో నాటుచున్న ఆ సూక్ష్మమైన ఫ్యూజు, రూట్ చేయగా ఒక్కమారు కాలెనా, 0 కాస్త 1 యగును. ఆ 1ని మరల 0 చేయుట నాటినవారికిని తరము కాదు. (గంగకు ఆ ఫ్యూజు సంగతి తెలియదు కాబోలు.)

వీరుడు తల వంచుకొనెను. కుర్రవాడు జాలిపడి మెత్తని కుంచెతో స్పీకరు రంధ్రములు తుడిచెను. చిటికెడు ధూళి రాలెను. ఫోను గణగణ మ్రోగెను.

ఇంటినుండి భార్య. పెండ్లి ఫోటోలు అడుగుచున్నది.