మృతచర్మ విమోచన సూత్రము: టీకా తాత్పర్య సహితము

అవతారిక: పెండ్లికి పది దినముల ముందు, బ్యూటీ పార్లరు కుర్చీలో వెనుకకు వాల్చబడి, ముఖమంతయు క్రీము పూయబడి, బదులు పలుకుటకు నోరు మెదపలేని స్థితిలోనున్న నాయికతో బ్యూటీషియను పలికిన వాక్యమిది.

మూలము: "డెడ్ స్కిన్ చాలా ఉంది మేడమ్. ట్యాన్ కూడా ఉంది. ఇంట్లో చేసుకుంటే రిజల్ట్ రాదు."

టీక: "మేడమ్" అనునది సుగమము. "డెడ్ స్కిన్ చాలా ఉంది" అనుట ఇంటిపై కప్పు చాలా ఉన్నదని తప్పుపట్టుట వంటిది. చర్మపు పైపొర యావత్తు మృతకణములే. అవి లేనిచో ఒంటిలోని నీరు బయటికిని, బయటి క్రిములు లోనికిని పోవును. వయసులో ఉన్నవారికి అడుగున పుట్టిన కణము పైకి వచ్చి రాలుటకు సుమారు 28 దినములు పట్టును. వయసు మీరినకొలది ఆలస్యమగును. ఈ రాలుటకు ఎవ్వరును బిల్లు వేయరు.

ఇచట ఒక శంక. అట్లు వదలించిన పదార్థము ఏమగుచున్నది? పార్లరులో దూదితో తుడిచి చెత్తబుట్టలో వేయుదురు. పూర్వమట్లు కాదు. పార్వతీదేవి స్నానమునకు ముందు నలుగు పెట్టుకొని, ఆ పిండితో బాలుని చేసి ప్రాణము పోసినదని చవితి కథ. శివపురాణమున దేహమలమని యున్నది. తెలుగు వ్రతకథలో నలుగుపిండి యైనది. ఆ పిండి పెసరదా, శనగదా? వ్రతకల్పములు మౌనము వహించినవి. నా పక్షము పెసర. ఏలననగా, నువ్వులనూనె జిడ్డును గరుకు లేకుండ లాగుటలో పెసరకు సాటిలేదు. మరియు చవితినాటి నైవేద్యములో వడపప్పు కలదు. తాను పుట్టిన దినుసును ఆరగించుట లంబోదరునికే చెల్లును. శనగపక్షమువారు పిండి ముద్దకట్టుటను సాక్ష్యముగా చూపుదురు. అది వంటింటి వాదము గాని స్నానాల గది వాదము కాదు. బావంచాలు, కచ్చూరాలు కలిపిన సున్నిపిండి యనువారి మతము వేరు. దానిని ఖండించుటకు మరియొక సంచిక కావలెను. ఇక కాపలా సంగతి. దేవి ఇంట చేసుకొన్న చికిత్సకు గుమ్మమున కొడుకు నిలిచి సాక్షాత్తు భర్తనే లోనికి పోనీయలేదు. మన నాయికకు పక్కకుర్చీ ఆమెకును మధ్య ఒక ప్లాస్టిక్ తెర గలదు. అదియు సగమే.

ఆధారము లేనిది వ్రాయను, అక్కరలేనిది చెప్పను అని మెదకుసీమ కొలిచాలమువాడైన వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ. ఆయన మహానుభావుడు. పెసరను నేను విడువజాలను.

ప్రకృతమునకు వత్తము. "ఇంట్లో చేసుకుంటే రిజల్ట్ రాదు" అనునది పూర్వపక్షము. పెరుగులోనిది లాక్టిక్ ఆమ్లము. చెరకులో గ్లైకాలిక్ ఆమ్లము గలదు. రెండును ఒకే కుటుంబము, కణములను పట్టియుంచు జిగురును సడలించుట వాని పని. సీసా ఇంటనున్నను పార్లరులోనున్నను అణువు మారదు, మారునది గాఢత. అమెరికాలో సౌందర్య సాధనములను పరీక్షించు నిపుణుల సంఘము 1998లో ఇంటి వాడకమునకు 10 శాతము మించరాదనియు, పీహెచ్ 3.5కు తగ్గరాదనియు హద్దు గీచెను. శిక్షణ పొందినవారు కొద్దిసేపు పూసి కడుగుటకు 30 శాతము, పీహెచ్ 3. వైద్యులు 70 వరకును పోవుదురు. కావున ఇంట రిజల్ట్ వచ్చును, మెల్లగా వచ్చును.

మరి పార్లరులో ఎంత శాతమో అడిగి చూడండి. "ఫ్రూట్ పీల్ మేడమ్, నేచురల్" అంటారు. పండు పేరు చెప్పి శాతం దాచేస్తారు. మన చామనఛాయ చర్మం మీద ఆమ్లం ఎక్కువైతే మంట తగ్గాక నల్లమచ్చ మిగులుతుంది, నెలల తరబడి పోదు. పెళ్ళి పది రోజుల్లో ఉన్న పిల్లకు మొదటిసారి పీల్ వేస్తూ చెవి వెనక చుక్క పెట్టి చూసేవాళ్ళేరీ? రాత్రి రెటినాల్ రాస్తున్నావా అని అడిగేవాళ్ళేరీ? మచ్చ పడితే బిల్లు మీద "ఫేషియల్ 1" అని తప్ప ఏమీ ఉండదు. మంగు, మొటిమల గుంటలు ఉన్నవాళ్ళు చర్మవైద్యుడి దగ్గరికే వెళ్ళాలి. ఆయన చీటీ మీద ఆయన పేరుంటుంది.

గృహపక్షమువారును మీసము తిప్పనక్కరలేదు. నిమ్మరసము పీహెచ్ సుమారు 2, పైజెప్పిన ఇంటి హద్దుకంటె సుమారు ముప్పై రెట్ల పులుపు. దానిలో పంచదార పలుకులు కలిపి చెంపలు తోముట నలుగు కాదు, గిన్నెలు తోముట.

"ట్యాన్ కూడా ఉంది": పెండ్లివారి ప్రతిలో "ఛాయ తక్కువ" అని పాఠాంతరము. ఎండ తగలని పొట్ట మీద కూడా అదే రంగు ఉన్న పిల్లకు డీ-ట్యాన్ ఏమిటి? పుట్టుకతో వచ్చినదాన్ని మరకలా రేటు కట్టి తుడుస్తామంటున్నారు. దీనికి టీక వ్రాయ చేయి రాదు.

ఫలశ్రుతి: ఈ ఆమ్లములు పూసిన చర్మము ఎండకు మరింత సులువుగా కమలును. కావున ఈ చికిత్స చేయించుకొని, సన్‌స్క్రీన్ మాట ఎవ్వరును చెప్పనందున, మిట్టమధ్యాహ్నము స్కూటీపై ఇల్లు చేరినవారు మరల ట్యాన్ పొంది, వచ్చే నెల అపాయింట్‌మెంటుకు అర్హులగుదురు.