బొంతల పరీక్షాధికారి

గృహిణికి భూతదయ కలుగుట శాస్త్రసమ్మతమే గాని, ఆ దయ కార్తికమాసమున కలిగి, చలికి వణకువారి మీదికి ప్రసరించి, తన సాధనకై ఇంటిలోని పాతబట్టలనే ఎన్నుకొన్నచో, ఆ యింటి యజమానికి తన పంచెలయందుగల హక్కు నాటితో చెల్లినట్లే భావించుకొనవలెను. మా యింట సంభవించినది సరిగా నిదియే. మన్యమున లంబసింగి, చింతపల్లి ప్రాంతములందు పుష్యమాసపు రాత్రులలో చలి యొక్కొక్కయేడు నీరు పేరుకొనునంతగా ముదురునని, అచ్చటి వసతిగృహములోని పిల్లలకు కప్పుకొనుటకు చాలినంత లేదని ఎవరో చెప్పగా విన్నది మొదలు, మా యావిడ ఇరుగుపొరుగు స్త్రీలను కూడగట్టి బొంతలు కుట్టి పంపుటకు సంకల్పించెను. మేముండునది అనకాపల్లి. అనకాపల్లిలో చలికాలమనునది పంచాంగమున చూచి తెలిసికొనవలసిన విషయము.

బొంత కుట్టుట చూచువారికి మిక్కిలి సులభము. నేతచీర నొకదానిని నేలపై పరచి, దానిమీద పాతచీరలు ముడుత లేకుండ పొరలుపొరలుగా పేర్చి, పైన కాస్త రంగు నిలిచిన చీరను కప్పి, అంచులు లోనికి మడచి, పెద్దసూదితో చుట్టునుండి నడిమికి కుట్టుకొనుచు పోవుటయే. అందు దూది లేదు, ఉన్ని లేదు. పొరకును పొరకును నడుమ చిక్కుకొన్న గాలియే వెచ్చదనమునకు మూలము. కుట్లు మరీ బిగిసినచో ఆ గాలికి తావుండదు. మరీ దూరమైనచో మొదటి ఉతుకుననే లోపలి చీరలన్నియు ఒక మూలకు చేరి సమావేశమగును. పొరలు పెంచినకొలది వెచ్చన హెచ్చుమాట నిజమే గాని, తడిసిన బొంతను పిండుట ఇద్దరు బలవంతుల పని. కావున పిల్లవాడు తన చేతులతో తాను ఉతుకుకొనగలిగినంత మందమే యుండవలెనని మా యావిడ శాసించెను. పరచిన చీరలు కదలకుండ నాలుగు మూలల బరువులు పెట్టవలసియుండగా, మా యింటిలోని సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటములు నాలుగు అందులకు నియుక్తములైనవి. ఆ మహాగ్రంథము మా గడప త్రొక్కిన పిదప ఇంతమందికి ఇంతగా ఉపకరించుట అదియే ప్రథమము.

నాకు లభించిన ఉద్యోగము సూదులలో దారమెక్కించుట. చేతులకు పనియున్నను నోటికి లేకపోవుటచే, ఒకనాడు ఊరకుండలేక, ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీల ముచ్చట యెత్తితిని. వారి పూర్వులు శతాబ్దముల క్రిందట దాస్యమునకై ఆఫ్రికానుండి తేబడినవారు. ఆ స్త్రీలు పాతగుడ్డలతో కుట్టు బొంతకు, పని ముగిసిన పిమ్మట, నాలుగు మూలలయందును రంగుగుడ్డలను త్రికోణములుగా మడచి కుట్టుదురు. వానిని ‘ఫూల’ యందురు. అవి లేని బొంత వారి దృష్టిలో దిగంబరము. ఈ ప్రసంగము సభాసదులను మిక్కిలి ఆకర్షించెను. మరునాటికి నా గళ్ళ చేతిరుమాళ్లన్నియు త్రికోణములై కూర్చుండినవి.

ఇక వీధిలోని దాతల సంగతి. బొంతలకు పాతబట్టలు కావలెనని తెలిసినంతనే మా అరుగుమీద మూటలు వెలసెను. వానియందు, కన్నములే గాని గుడ్డ కానరాని బనియన్లు, జత తప్పిన మేజోళ్లు, ఏ నీటినైనను తిరస్కరించు పాలియెస్టరు చీరలు, కొక్కెములతోడి రవికలు, తలుపుతెరలు మున్నగునవి వెలువడుచుండెను. మూట తెచ్చిన యొక పిన్నిగారు, “బీదవాళ్లకి ఇవి చాలవుటమ్మా?” యని దయార్ద్రస్వరమున ప్రశ్నింపగా, మా యావిడ, “మీ పక్కమీద పరుచుకుంటానంటే చెప్పండి పిన్నిగారూ, ఇప్పుడే కుడతాను,” అని బదులు చెప్పెను. ఆ పిన్నిగారు ఆ మూటను తిరిగి తీసికొనిపోలేదు. ఆ పిదప మా వీధిని కొన్నాళ్లపాటు నడువనును లేదు. ఇందు మా యావిడను తప్పుపట్టుటకు నాకు మనసొప్పలేదు. 2004 డిసెంబరునాటి సునామీ పిదప తమిళనాటి తీరమునకు దేశము నలుమూలలనుండి పాతబట్టలు లారీలకొలది చేరగా, చెమటోడ్చి బ్రతికిన బెస్తలు వానిని తాకనొల్లకపోవుటచే, ఆ ఔదార్యమంతయు రోడ్లప్రక్కను గుట్టలుగా పడియుండెను. ఇల్లు శుభ్రపరచుకొనుటకును దానము చేయుటకును మన వారిలో పలువురు ఒకే ముహూర్తమును పెట్టుకొనుట అనాదిగా వచ్చుచున్న దోషము.

నా పంచెలు తరుగుచుండుటను గూర్చి నేను గొణుగుచుండగా ఉదయన మహారాజు జ్ఞప్తికి వచ్చెను. కౌశాంబిలో ఆయన రాణులు బుద్ధశిష్యుడగు ఆనందునకు ఐదువందల వస్త్రములు దానముచేసిరని బౌద్ధుల వినయపిటకమున కలదు. రాజు అది విని, ఈ సన్న్యాసి బట్టలకొట్టు పెట్టునా యేమి యని శంకించి, స్వయముగా పోయి అడిగెను. చినిగిన చీవరములుగల భిక్షువులకు పంచెదనని ఆనందుడు చెప్పెను. మరి ఆ పాతవి? కప్పుకొను దుప్పట్లగును. అవియు పాతవైన? పరుపుల గవుసెనలు, ఆపై నేలమీద పరచు గుడ్డలు, కాళ్లు తుడుచుకొను గుడ్డలు, దుమ్ము దులుపు గుడ్డలు, తుదకు వానిని చీల్చి మట్టితో కలిపి నేలకు మెత్తుదుమని ఆయన సమాధానము. ఈ వృత్తాంతమును, వస్త్రవిషయమున రాజులకే శంకలు తప్పవని నిరూపించుటకై, మా యావిడకు సవిస్తరముగా వినిపించితిని. ఆమె సాంతముగా విని, “చివరికి రాజుగారేం చేశారు?” అని అడిగెను. సంతసించి తానును ఐదువంద లిచ్చెనని సత్యము చెప్పక తప్పినది కాదు. “మరి మీరెన్నిస్తారు?” అనెను.

కుట్టినదెల్ల పంపుట ఆమె పద్ధతి కాదు. ముగిసిన ప్రతి బొంతయు ఒక రాత్రి నా శయ్యపై పరీక్షకు నిలువవలెను. పరీక్షాకాలమున ఫ్యాను నిషిద్ధము. ఇది అన్యాయమని నేను మొరపెట్టగా, “లంబసింగిలో ఫ్యాన్లెవరు వేసుకుంటారండీ?” అని ఆమె ప్రశ్నించెను. ఈ తర్కమును ఖండించుటకు గౌతముని న్యాయసూత్రములును నాకు తోడ్పడలేదు. సముద్రపుగాలి తేమతో ఉక్కపోయుచున్న రాత్రి, ఐదుపొరల బొంతక్రింద, చెమటతో అభ్యంగనము చేసి, తెల్లవారి లేచి, “ఉడికిపోయానే!” యని నేను నివేదింపగా, “అయితే బాగా కుదిరిందన్నమాట,” అని ఆమె ఉత్తీర్ణతాపత్రమును ప్రకటించుచుండెను. ఒక బొంతలో మరచిన జరీయంచు రాత్రియంతయు నా మెడను గీరినది. ఆ మాట చెవినిబడినంతనే ఆమె హాస్యము మాని, మధ్యాహ్నపు నిద్ర మానుకొని, కుట్లన్నియు విప్పి, జరీ తొలగించి, మరల మొదటినుండి కుట్టెను. పరీక్షాధికారిగా నాకు దక్కిన గౌరవము ఇంతమాత్రమే గాని, అది స్వల్పము కాదని నా యభిప్రాయము.

లెక్కలు తెలిసిన మా యెదురింటి పెద్దమనిషి, పానిపట్టునుండి వచ్చు కంబళ్లు చవుక గదా, ఈ శ్రమ యెందుకని అడిగెను. విదేశములవారు విడిచిన ఉన్నిబట్టలను చీల్చి, మరల నూలుగా వడికి, పానిపట్టు మిల్లులు చవుకకంబళ్లు నేయుమాట వాస్తవము. అత్యవసరమున అవియే శరణ్యములు. అయినను చినిగిన నూలుబొంతమీద మరియొక చీర పరచి కుట్టినచో అది మరల క్రొత్తబొంత యగును. చినిగిన మిల్లుకంబళికి ఆ పునర్జన్మ లేదు.

బొంతలు పుష్యమునకు ముందే కొండ యెక్కినవి. ఒక్కొక్క దుప్పటిని తొమ్మండుగురు పట్టుకొని నిలుచు ఛాయాచిత్రము తీయింపబడలేదు. పిల్లలు మందము చూడక రంగులు చూచి ఎన్నుకొనిరని, గళ్ళ త్రికోణములున్నవానికై కొంత పెనుగులాటయు జరిగెనని తెలిసినది.

కావున పాఠకమహాశయులకు మనవి. వచ్చు కార్తికమున మా యింట మరల సూదులు లేచును. మంగళగిరి, వెంకటగిరి, పొందూరు, ఏ యూరివైనను సరే, నూలుచీరలను ఉతికి, ఆరవేసి, జరీ విప్పి పంపుడు, పాలియెస్టరు వలదు. చీరలతోపాటు ఉక్కకు ఓర్చుకొనగల పరీక్షాధికారి నొకరిని కూడ పంపగలిగినచో, నా పదవికి రాజీనామా సిద్ధముగా నున్నది.