హమాతు నుంచి కామాఠీపురా దాకా

ఎఫ్రాయిము యోసేపు రెండో కొడుకు. తాను బాధపడిన దేశంలోనే దేవుడు తనను ఫలింపజేశాడని యోసేపు ఆ పేరు పెట్టినట్లు ఆదికాండం 41వ అధ్యాయంలో ఉంది. కొడుకు పేరు గోత్రానికి, గోత్రం పేరు వాళ్లుండే కొండసీమకు, హోషేయ ప్రవక్త నాటికి ఉత్తర ఇశ్రాయేలు రాజ్యమంతటికీ పాకింది. ఆ కొండసీమను తెలుగు బైబిలు మన్యమంది. ఆ మాట పట్టుకుని రంపచోడవరం మీద ఎవరూ ఇంకా హక్కు చెప్పకపోవడం అదృష్టమే.

క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు వాళ్లు ఆ రాజ్యపు రాజధాని షోమ్రోనును పట్టుకుని జనాన్ని చెరగొనిపోయారు. అది మొదలు తప్పిపోయిన గోత్రాల వెతుకులాట సాగుతూనే ఉంది. పఠాన్లలో దొరికారన్నారు, జపానులోనూ దొరికారన్నారు. దొరకని చోటే లేదు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న సమాజం ఉంది. ఎక్కువగా మాదిగ కుటుంబాలు; తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమంటారు. 1990ల మొదట్లో సినగాగు పెట్టుకున్నారు; శనివారం విశ్రాంతి దినం పాటిస్తున్నారు. ప్రార్థన చేసుకునేవాణ్ణి వంశవృక్షం చూపమనే అధికారం ఎవరికీ లేదు; కులం పేరుతో తరతరాలు గెంటేసిన ఊరికి అసలే లేదు. నవ్వు తెప్పించేది రుజువు చూపే తీరు. ఆ సమాజపు నాయకుడు షమూయేలు యాకోబి రాతల్లో తెలుగుకూ హీబ్రూకూ చుట్టరికం కలపడానికి పెద్దపీట వేశారు. రెండు మాటలు ఒకేలా వినబడితే రెండు జాతులూ ఒకటేనట.

ఈ కొలబద్దను ముంబయి కామాఠీపురాకు తెచ్చి చూడాలి. నిజాం రాజ్యం నుంచి వలస వచ్చిన తెలుగు కూలీలను బొంబాయి కామాఠీలంది. పేటకు ఆ పేరే మిగిలింది. కానీ చెవినే నమ్ముకున్న పరిశోధకుడికి ఇంత చప్పని కథ చాలదు. ఆదికాండం 10వ అధ్యాయంలో హమాతీయులున్నారు. హమాతీ, కామాఠీ: ఇక రుజువేం కావాలి? పైగా ఎఫ్రాయిమీయులను వెళ్లగొట్టిన నేలలో అష్షూరు రాజు తెచ్చి కాపురం పెట్టించిన వాళ్లలో హమాతు వాళ్లున్నారని రాజుల రెండో గ్రంథం 17వ అధ్యాయం చెబుతోంది. అంటే చాళ్లలో కుళాయి దగ్గర వరుస కట్టిన తెలుగువాళ్లు ఎఫ్రాయిము ఇల్లు ఆక్రమించిన వాళ్ల సంతతి అన్నమాట!

అంతలో న్యాయాధిపతుల గ్రంథం 12వ అధ్యాయం అడ్డొస్తుంది. ఎఫ్రాయిముతో యుద్ధంలో యొర్దాను రేవుల దగ్గర గిలాదు వాళ్లు దాటబోయే ప్రతివాణ్ణీ ‘షిబ్బోలెతు’ అనమన్నారు. ‘సిబ్బోలెతు’ అన్నవాడు ఎఫ్రాయిమీయుడని తేల్చి చంపేశారు. అప్పుడు పోయినవాళ్లు 42,000 మంది. ఉచ్చారణను బట్టి జాతి తేల్చే శాస్త్రం ఈ గోత్రం మీద ఇంతకుముందే ఒకసారి ప్రయోగమైందన్నమాట. ఆ లెక్కన శనివారాన్ని ‘సనివారం’, శంకరాన్ని ‘సంకరం’ అనే తెలుగువాళ్లంతా ఎఫ్రాయిమీయులే. ఒకే గదిలో, ఒకే కుటుంబం, ఒక లెక్కన గెంటించుకున్నవాళ్లు, ఇంకో లెక్కన వచ్చి చేరినవాళ్లు.

పేర్లు బొంబాయిలో ఇంతకంటే సులువుగా మోసం చేస్తాయి. తెలుగువాడి ఇంటిపేరు ఊళ్లో పేరుకు ముందుంటుంది. మహారాష్ట్ర రేషన్ కార్డులో వెనక్కి పోయి కూర్చుంటుంది. కామాఠీపురాకు కాస్త దూరంలోని జాకబ్ సర్కిల్‌కు పితరుడైన యాకోబుతో సంబంధం లేదు. అది జార్జ్ లెగ్రాండ్ జాకబ్ అనే ఇంగ్లీషు అధికారి పేరు. ఇప్పుడది సంత్ గాడ్గే మహారాజ్ చౌక్.

యూదులు మాత్రం ఆ చుట్టుపక్కల నిజంగానే ఉన్నారు. డేవిడ్ ససూన్ కట్టించిన మాగెన్ డేవిడ్ సినగాగు బైకుల్లాలో 1864 నుంచి ఉంది. అదే నగరంలోని బెనె ఇశ్రాయేలు అనే యూదుల ఇంటిపేర్లు దివేకర్, పేణ్‌కర్: కొంకణంలోని దివే, పేణ్ ఊళ్ల పేర్లు. వాళ్లను అన్ని విధాలా యూదులుగా ఇజ్రాయెల్ 1964లో ఒప్పుకుంది. ఆ మరాఠీ పేర్లు అడ్డం రాలేదు.