పచ్చరంగు పిచ్చి

ఇన్వర్టర్లు అమ్మి, సర్వీసు చేసి బతికేవాడికి స్కోర్‌కార్డు సాఫ్ట్‌వేర్ ఎందుకని అప్పట్లో ఎవరైనా అడిగితే వాళ్లతో మాటలు మానేసేవాణ్ని. షాపు గోడకు పెద్ద టీవీ పెట్టించి, పచ్చ, పసుపు, ఎరుపు గళ్లకు ఎదురుగా కుర్చీ తిప్పుకుని కూర్చున్నాను. వచ్చిన కస్టమర్లకు నా వీపే కనిపించేది.

కాప్లాన్, నార్టన్ 1992లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఈ స్కోర్‌కార్డు గురించి రాసినప్పుడు మొత్తుకున్నది ఒకటే: డబ్బు లెక్క ఒక్కటే చూడకండి, కస్టమరు ఏమనుకుంటున్నాడు, లోపల పనెలా సాగుతోంది, మనవాళ్లు కొత్తగా ఏం నేర్చుకుంటున్నారు, ఇవీ చూడండని. నేను నాలుగూ పెట్టాను. కాకపోతే దేనికెంత వెయిటేజీ అన్నది మన చేతిలో పనే. వసూళ్లకు బారెడు ఇచ్చి, నేర్చుకోవడానికి బెత్తెడు విదిల్చాను. ఆ బెత్తెడూ నిండాలని సోమవారం టీ తాగడాన్ని శిక్షణ కింద రాయించాను.

అసలు తెలివితక్కువతనం కంప్లైంట్ల దగ్గర బయటపడింది. వచ్చిన రోజే మూసేస్తే పచ్చ, పచ్చకు ఇన్సెంటివ్ అన్నాను. కుర్రాళ్లకు అంతకన్నా ఏం కావాలి? బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసి, కంప్లైంటు మూసేసి వచ్చేవాళ్లు. రెండ్రోజులకు కరెంటు పోతే అదే ఇన్వర్టరు మళ్లీ మొరాయించేది. దానికి కొత్త నంబరు, మళ్లీ అదే రోజు మూత. బాగవ్వని ఇన్వర్టరు ఒక్కటి చాలు, గోడంతా పచ్చ. డబ్బులిచ్చింది నేనే, చప్పట్లు కొట్టింది నేనే.

2016లో అమెరికాలో వెల్స్ ఫార్గో ఉద్యోగులు టార్గెట్ల కోసం కస్టమర్లకు తెలియకుండా ఖాతాలు తెరిచారని, ఆ బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడిందని చదివి తెగ నవ్వినవాణ్ని.

ఒక కొలత పెడితే, దానివల్ల చెడేదాన్ని కొలిచేది ఇంకోటి పక్కనే పెట్టమని ఇంటెల్ ఆండీ గ్రోవ్ 1983 నాటి పుస్తకంలోనే చెప్పాడు. చదివాక ‘తిరిగొచ్చిన కంప్లైంట్లు’ అని ఓ గడి పెట్టాను. ఎర్రగా మండింది. అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది కదా, లక్ష్యం సడలించాను. పచ్చబడింది.

ఓ రిటైర్డ్ మాస్టారు షాపుకొచ్చి కేకలేస్తే టీవీ చూపించాను. “చూడండి మాస్టారూ, మీవన్నీ పచ్చే.”

“అయితే రాత్రికి ఈ టీవీ మా ఇంటికి పంపించవయ్యా. మా మనవడు ఆ పచ్చ వెలుగులో చదువుకుంటాడు.”

ఆయన బ్యాటరీ మార్చి ఇచ్చాం. ఇప్పుడు వెయిటేజీ అంతా తిరిగొచ్చిన కంప్లైంట్లకే. ఈ నెలా ఎరుపే. సడలిద్దామంటే పాస్‌వర్డ్ మా ఆవిడ మార్చేసింది.